మూడో కోత

మహబూబాబాద్,
సెప్టెంబర్ 17, 2011

మంగ్యా అన్నకు,

కమ్లి రాస్తున్నది. ఫోన్లో రెండో మాటకు నువ్వు అరుస్తావు, మూడో మాటకు నేను పెట్టేస్తాను. మొన్న అదే జరిగింది. కాగితం మీదైతే నీకు చివరిదాకా వినక తప్పదు. బస్సులు ఆగినా, రైళ్లు ఆగినా, మా పోస్ట్‌మ్యాన్ సైకిల్ మాత్రం ఆగదు.

ముందు యాడి సంగతి. మోకాళ్ల నొప్పి ఏమైపోయిందో తెలియదు, రోజూ తండా మూలమలుపు దగ్గర రోడ్డుకు అడ్డంగా కూర్చుంటున్నది. "నా కొడుకు బొగ్గు ఆపిండు, నేను లారీలు ఆపిన" అని వచ్చినోళ్లకూ పోయినోళ్లకూ చెప్పుకుంటున్నది. నా గురించి ఎవరైనా అడిగితే "అది చెట్లకు కాపలా ఉంటది" అంటుందట. యూనివర్సిటీ చదువు చదివి, పరిశోధన కేంద్రంలో నాలుగేళ్లు పనిచేసి, కన్నతల్లి నోట కాపలాదారునయ్యాను.

ఇక నువ్వడిగిన ప్రశ్న. సకల జనుల సమ్మెలో ఉన్నానా లేనా అని. ఆఫీసుకు తాళం పడింది, తాళం వేసినవాళ్లలో నేనూ ఉన్నాను. కాని తోటకు పోతున్నాను. సుబాబుల్ చెట్లకు సమ్మె అంటే ఏం తెలుసు?

ఇప్పుడు అసలు విషయం. నిన్న మా ప్రాజెక్టు పెద్ద లక్ష్మీకాంత్ సారు ఇంటికి పిలిపించాడు. హైదరాబాద్ దారిలో ఒక కంపెనీ ఉంది, బొగ్గు కాల్చి కరెంటు తీస్తుంది. మీ సమ్మెతో దాని బాయిలర్ చల్లబడింది. మన తోట నరికి ఆ కట్టె పంపిద్దామన్నాడు సారు. "నీ పరిశోధనే నిజమవుతున్నది కదమ్మా, బొగ్గు లేకున్నా కట్టెతో నడుస్తదని చూపెడదాం" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి ఒళ్లు మండిపోయింది.

కుదరదని చెప్పి వచ్చాను. నా మాట ఎంతవరకు చెల్లుతుందో చూడాలి.

చెల్లె
కమ్లి

*

భూపాలపల్లి,
సెప్టెంబర్ 22, 2011

చెల్లె కమ్లికి,

నీ ఉత్తరం మా క్వార్టర్ ముందు నిలబడి చదివిన.  బొగ్గు బాయి దిగక దినాలైతున్నయి. జీతం లేదు. పిల్లలకు మక్క గటక తాగిపిస్తున్నం. అయినా ఒక్కడు కూడా దిగుతా అనలే. బొగ్గు ఆగితే కరెంటు ఆగుతది, కరెంటు ఆగితే ఢిల్లీల కూసున్నోళ్లకు మా తెలంగాణ మాట వినపడుతది. మా చేతిల ఉన్నది గదొక్కటే.

గట్లాంటిది, మేం ఆపిన మంటను నా సొంత చెల్లె తోటల కట్టెతోని ఎలిగిస్తరా? కుదరదని చెప్పి వచ్చిన్నంటవు. చెప్పి వస్తే అయిపోయిందా? నాలుగేండ్ల సంది బొగ్గుకు బదులు కట్టె, బొగ్గుకు బదులు కట్టె అని చదువుతున్నవు. నేను ఎన్నడు ఏమనలే. మా పొట్టకు అడ్డం అస్తదని అప్పుడే అనుకున్న, చెల్లెవని ఊకున్న. ఇయ్యాల అచ్చింది సూడు.

మా దోస్తు కనకయ్య నీకు ఎరికే, జనగామ డిపోల బస్సు డ్రైవర్. ఆయన కూడా సమ్మెలనే ఉన్నడు. నీ కట్టె పోయేది జనగామ మీదికెల్లే కదా? ఎప్పుడు పోతదో చెప్పు. మిగతాది మేం చూసుకుంటం.

నీ అన్న
మంగ్యా

*

మహబూబాబాద్,
సెప్టెంబర్ 27, 2011

అన్నా,

పొట్టకు అడ్డమా? నేనా? నీ ఉత్తరం చింపబోయి ఆగాను. జవాబు రాయాలంటే ఎదురుగా ఉండాలి కదా అని.

నాలుగేళ్లలో ఒక్కసారన్నా నా తోటకు వచ్చావా? నేను చేసేది ఏమిటని అడిగావా? విను. బొగ్గు తవ్వితే అయిపోతుంది, చెట్టు నరికితే మళ్లీ చిగురుస్తుంది. కాగితం, అట్ట, కరెంటు, ఆఖరికి బట్టకు నూలు కూడా కట్టె నుంచి తీయొచ్చు. కాబట్టి కట్టె తరగని సరుకు, ఎంతైనా వాడుకోవచ్చని మీటింగుల్లో పెద్దపెద్దవాళ్లు చెప్తారు. చప్పట్లు కొడతారు. నేను అడుగుతున్నది ఒక్కటే. నిజంగా తరగదా? మన ఎర్రమట్టి చల్క భూమిలో ఒకసారి నరికాక వచ్చినంత కట్టె రెండోసారి వస్తుందా, మూడోసారి వస్తుందా? నా తోటలో సగం మడుల్లో ఆకు, బెరడు మన్నుకే వదిలేస్తాను. మిగతా సగంలో అంతా ఊడ్చి తీసేస్తాను. రెండేళ్లకో కోత. మొదటిది అయింది, రెండోది ఈ చలికాలం, మూడోది ఇంకో రెండేళ్లకు. మూడో కోత అయితే గాని జవాబు రాదు. ఈ ఊళ్లలో రేపు ఏ కంపెనీ వచ్చి చెట్లు పెట్టుకోమన్నా, మన రైతు భూమి మిగులుతుందో లేదో చెప్పేది ఆ జవాబే.

నీ పొట్ట కోసం కాదు, యాడి చేను కోసం చేస్తున్న పని అది. నీకు మాత్రం నేను సమ్మె విరగ్గొట్టేదానిలా కనపడ్డాను!

కట్టె లారీలు వచ్చే వారం కదులుతాయని విన్నాను. జనగామ చౌరస్తా మీదుగానే. ఆపగలిగితే ఆపండి. నేను ఇక్కడ చేయగలిగింది చేస్తున్నాను, అదేమిటని అడగకు. నీ నోట్లో మాట ఆగదు, కనకయ్య నోట్లో అసలే ఆగదు.

కమ్లి

*

భూపాలపల్లి,
అక్టోబర్ 3, 2011

బంగారు చెల్లెకు,

కోపం తీసెయ్యి. ఆపినం! నీ కట్టె బాయిలర్‌కు పోలే, మా కడుపులకు పోయింది.

జనగామ చౌరస్తాల వంటావార్పు పెట్టిండ్రు. మేం యూనియనోళ్లం బొలెరోల పోయినం. రోడ్డు నిండ జనం. ఒక దిక్కు బతుకమ్మ ఆడుతున్నరు, ఒక దిక్కు డప్పులు. నడి రోడ్డు మీద రాళ్లు పెట్టి పొయ్యిలు చేసిండ్రు. పెద్ద పెద్ద డెక్సాలు, బియ్యం, పప్పు అన్నీ అచ్చినయి. అప్పటిదాక గ్యాస్ బండలు తెస్తా అన్నాయన రాలే. ఏం చేద్దామని చూస్తుంటే మహబూబాబాద్ దిక్కుకెల్లి ఒక డీసీఎం వ్యాను అచ్చింది. పట్ట కప్పి ఉన్నది. కనకయ్య చెయ్యి అడ్డం పెట్టి "ఏందిరా లోపల?" అన్నడు. "కట్టెలన్నా, పరిశోధన కేంద్రానియి, హైదరాబాద్ పోవాలె" అన్నడు డ్రైవరు. ఇంకేముంది! "దొరికింది రా సమ్మె దొంగ" అని అందరం ఎగబడ్డం.

లోపల చూస్తే దుంగలు కావు, చపాతీ పీటల లెక్క గుండ్రటి బిళ్లలు. మంచిగ ఎండినయి. ఒక్కోదాని మీద ఎర్ర రంగుతోని అంకెలు రాసి ఉన్నయి. కంపెనోళ్ల లెక్కలేమో అనుకున్నం. ఎంత మంచిగ కాలినయో! పొగ లేదు, చిటపట లేదు. కిచిడి ఉడికింది, పచ్చిపులుసు చేసిండ్రు. అందరం రోడ్డు మీదనే కూసొని తిన్నం. పోలీసోళ్లకు కూడా పెట్టినం, వాళ్లూ తిన్నరు.

నేనైతే తింటున్నంతసేపు నిన్నే తలుచుకున్న. నిన్ను అనుమానించినందుకు బాధైంది. నువ్వు చెప్పకపోతే గా వ్యాను పోయేదే కదా. పండుగకు అస్త. యాడికి చెప్పు.

నీ అన్న
మంగ్యా

*

మహబూబాబాద్,
అక్టోబర్ 7, 2011

మంగ్యా,

అన్న అని రాయబుద్ధి కావడం లేదు.

అవి బాయిలర్ కట్టెలు కావు. బాయిలర్ లారీలు ఇంకా కదలనే లేదు. ఆ బిళ్లలు నావి. నాలుగేళ్లుగా ఒక్కో మడిలో, ఒక్కో చెట్టు నుంచి నేను కోసి, నీడలో ఆరబెట్టి, చెదలు పట్టకుండా చూసుకున్న బిళ్లలు. ఆ ఎర్ర అంకెలు నా చేతిరాత. చిన్నప్పుడు నా పలక మీద రోజూ చూసిన రాత నీకు గుర్తుకు రాలేదా?

హైదరాబాద్‌లో ఒక ప్రయోగశాలలో అన్నీ ఒకే యంత్రం మీద కొలవాలి. రెండేళ్ల నుంచి అడుగుతుంటే సారు పంపనివ్వలేదు. తోట నరుకుతారని తెలిశాక ఈ బిళ్లలన్నా దక్కించుకుందామని, ఎవరికీ చెప్పకుండా, డ్రైవరు చేతులు పట్టుకుని బతిమాలి ఆ డీసీఎం మాట్లాడాను. మీరు ఆపేది లారీలను కదా, చిన్న వ్యాను పోతుందిలే అనుకున్నాను. నేను కూడా వచ్చేదాన్ని. ఆడపిల్లవు, రోడ్ల మీద గొడవలున్నాయి, వద్దని యాడి ఆపింది. గొడవ చేసేది తన కొడుకేనని దానికేం తెలుసు!

మొదటి కోత బిళ్లలు మళ్లీ ఎక్కడి నుంచి తేవాలి? ఆ చెట్లు రెండేళ్ల కిందే నరికాం. ఆ కాలం, ఆ వాన, ఆ మన్ను తిరిగి రావు. పొగ లేకుండా కాలాయని మెచ్చుకుంటున్నావు. ఎందుకు కాలవు? పసిపిల్లలను చూసుకున్నట్టు చూసుకుని ఆరబెట్టిన కట్టె.

డ్రైవరు పరిశోధన కేంద్రానివని చెప్పాడు కదా. నీ చెల్లె పనిచేసేది ఎక్కడ? ఒక్కసారి ఫోన్ చేయాలని తోచలేదా? మా రాష్ట్రం, మా రాష్ట్రం అని అరుస్తారే, ఆ రాష్ట్రంలో నా పనికి చోటుందా లేదా? మీ దగ్గర బొగ్గు ఉంటే అది పోరాటం. నా దగ్గర కట్టె ఉంటే అది పొయ్యిలోకి!

పండుగకు నువ్వు రాకపోవడమే మంచిదైంది. యాడి అడిగితే రోడ్లు బందున్నాయని చెప్పాను.

కమ్లి

*

భూపాలపల్లి,
అక్టోబర్ 11, 2011

కమ్లీ,

 నీ ఉత్తరం కనకయ్యకు ఫోన్ల చదివి వినిపించిన.  ఆయన "నీ చెల్లె మొఖం నేనెట్ల చూడాలె" అన్నడు.

పొయ్యిల బూడిద కూడ మిగల్లే. మున్సిపాలిటీ ట్రాక్టర్ ఎత్తుకపోయింది.

నేను మీ సారు దగ్గరికి అస్త. కట్టెలు గుంజుకున్నది మేమేనని చెప్త. జైల్ల పెడితే పెట్టనియ్యి. తప్పు నాది, నీది కాదని కాయితం రాసిస్త. గప్పుడన్నా నీ తోట ఆగుతదేమో.

మంగ్యా

*

మహబూబాబాద్,
అక్టోబర్ 20, 2011

అన్నా,

ఆవేశపడి వస్తావేమోనని భయపడ్డాను. రాకుండా బతికించావు. ఇప్పుడు వచ్చినా చూడటానికి ఏమీ లేదు.

సారు పోయిన వారం ఒక కాగితం టైపు చేయించి నా ముందు పెట్టాడు. సమ్మె పేరుతో దుండగులు ప్రభుత్వ సొత్తు దోచుకున్నారని పోలీసులకు ఫిర్యాదు. పేర్లు రాయడానికి ఖాళీ జాగా వదిలాడు. "మీ అన్న కూడా ఉన్నడంట కదా" అన్నాడు మెల్లగా. ఎవరు చెప్పారో తెలియదు. "నువ్వు సంతకం పెడితే నీ తోట గురించి ఆలోచిస్త. పెట్టకపోతే, బిళ్లలే లేనప్పుడు ఇంక పరిశోధన ఎక్కడిదమ్మా? తోట ఉంచి లాభమేంది?"

అర్థమైందా? మీరు కాల్చిన బిళ్లలే ఆయనకు గొడ్డలి అయ్యాయి. బాయిలర్‌కు కట్టె పోకుండా ఆపామని మీరు సంబురపడ్డారు. ఆ సంబురంతోనే తోట మొత్తం పోవడానికి దారి దొరికింది.

సంతకం పెట్టలేదు. నీ మీద ప్రేమతో అనుకోకు, నీ మీద కోపం నా గొంతుదాకా ఉంది. కాని నిన్ను తిట్టే హక్కు నాది. ఆయనకు దాన్ని ఎందుకు ఇస్తాను? దోచుకున్నది ఎవరని ఖాళీ జాగాలో రాయమంటే ఆయన పేరే రాస్తానని చెప్పాను. కాగితం వెనక్కి లాక్కున్నాడు.

మర్నాడే మిషన్లు వచ్చాయి. నేను ఒక చెట్టును పట్టుకుని నిలబడితే ఇద్దరు ఆడవాళ్లతో పక్కకు లాగించారు. కోసుకుపోతే కోసుకుపోయారు, కొమ్మ, రెమ్మ, ఆకు, బెరడు ఏదీ వదలలేదు. బాయిలర్‌కు ఏదైనా ఒకటేనట. ఏ మడిలో మన్నుకు ఏం వదలాలో చెప్తుంటే ఒక సూపర్‌వైజర్ "మేడం, ఊడ్చుడు కూడ మా కాంట్రాక్ట్‌ల ఉన్నది" అన్నాడు. లారీలు ఖమ్మం దారి పట్టి చుట్టూ తిరిగి పోయాయి. ఆ దారిలో ఎవరూ వంట పెట్టలేదు.

నా కొలువు కూడా పోయింది. "ప్రాజెక్టు ముగిసినందున" అని ఒక ముక్క రాసిచ్చారు.

తండాకు పోతున్నాను. మన చల్కలో తన సగం యాడి నాకు ఇస్తానంది. నీ సగం కూడా కావాలి. అందులో సుబాబుల్ పెడతాను. మొదటి నుంచి మొదలు. మూడో కోత అయ్యేదాకా నువ్వు అందులో పత్తి పెడతానన్నా, కౌలుకిస్తానన్నా ఒప్పుకోను. క్షమించమని అడగకు, భూమి ఇయ్యి.

కమ్లి

*

భూపాలపల్లి,
జూన్ 4, 2014

చెల్లె కమ్లికి,

మనకు తెలంగాణ అచ్చింది. యాడి ఫోన్ల ఏడ్చింది, నేను ఏడ్చిన. నువ్వేమో "అచ్చింది కదా, మంచిది" అని పెట్టేసినవు. మూడేండ్ల సంది నీతోని ఫోన్ల మాట్లాడుడు గింతే. అందుకే మళ్ల ఉత్తరం రాస్తున్న. గీ సంగతి నువ్వు చివరిదాక వినాలె.

మొన్న జనగామల సంబురాలకు కనకయ్య పిలిస్తే పోయిన. గదే చౌరస్తా. స్టేజీ ఏసి, ఉద్యమంల పనిచేసినోళ్లకు శాలువలు కప్పుతున్నరు. చూస్తే నడుమ కుర్చీల మీ లక్ష్మీకాంత్ సారు! ఆయన జనగామ అల్లుడట. మెడల రెండు దండలున్నయి. కనకయ్య నా చెయ్యి గట్టిగ పట్టుకున్నడు.

ఆయన మైకు తీసుకొని ఏమన్నడో తెలుసా? "సకల జనుల సమ్మెల ఇదే చౌరస్తాల వంటావార్పు జరుగుతుంటే కట్టెలు లేక పొయ్యిలు ఎలగలేదు. మా కేంద్రంకెల్లి ఒక వ్యాను కట్టెలు నేనే పంపిన. కొలువు పోతే పోనీ అనుకున్న" అన్నడు. జనం చప్పట్లు కొట్టిండ్రు. ఒకాయన లేచి ఇంకో దండ ఏసిండు.

ఆయన చెయ్యి ఇడిపించుకున్న చెల్లె, కనకయ్యది. ఎట్ల ఎక్కిన్నో ఎరుకలేదు, స్టేజీ మీద ఉన్న. "సారూ, గా కట్టెలు నువ్వు పంపలే. మేం గుంజుకున్నం. గుంజుకున్నోళ్ల మీద కేసు పెట్టుమని నా చెల్లె ముందట కాయితం పెట్టింది నువ్వు. అది సంతకం పెట్టనంటే తోట నరికించింది నువ్వు. గా కట్టె ఏడికి పోయిందో చెప్పు ఇప్పుడు. మా సమ్మె మీదికి పోలేదా?" అన్న. మైకు బందు చేసిండ్రు. బాయిల మిషన్ల నడుమ ఒర్రేటోనికి మైకెందుకు? ఒర్రిన. "గది నా చెల్లె నాలుగేండ్ల కష్టం" అన్న. కింద కనకయ్య లేచి "వ్యాను ఆపింది నేను, నన్నడుగుండ్రి" అని ఒర్రిండు.

కొందరు "పండుగ పూట గీ పంచాది ఏంది" అన్నరు. కొందరు సారు దిక్కు చూసిండ్రు. ఆయన మాత్రం తొణకలే. దిగుతా దిగుతా నా భుజం మీద చెయ్యేసి "మీ చెల్లె మంచిగ పనిచేసేది. కొత్త రాష్ట్రంల కొత్త ప్రాజెక్టులు అస్తున్నయి, వచ్చి కలవుమను" అన్నడు. గా చెయ్యి తీసిపారేసిన.

నీకు చెప్పకుండ ఉండబుద్ధి కాలే. గీసారన్నా నేను చేసింది సరైందేనా?

నీ అన్న
మంగ్యా

*

తండా, మహబూబాబాద్ దగ్గర,
జూన్ 9, 2014

అన్నా,

నీ ఉత్తరం యాడికి చదివి వినిపించాను. అది తండా అంతా చెప్పి వచ్చింది. నాకూ సంతోషమే, అబద్ధం ఎందుకు చెప్పాలి? చేనులో కూర్చుని ఏడ్చాను కూడా. నువ్వు చేసింది సరైందే.

కాని కోపం పోలేదు. రాత్రి నీ ఉత్తరం మళ్లీ చదివితే ఇంకా పెరిగింది. సారు కట్టెలు నేనిచ్చానన్నాడు. నువ్వు మేం గుంజుకున్నామన్నావు. కనకయ్య నేనాపానన్నాడు. అంత పెద్ద చౌరస్తాలో, అంత జనంలో, ఆ కట్టెలు ఏం చెప్పబోయాయి అని ఒక్కరన్నా అడిగారా? నాలుగేళ్ల కష్టం అన్నావు. నా కష్టం ఎవరికి కావాలి అన్నా? కష్టం అందరూ చేస్తారు. నేను ఒక ప్రశ్న వేశాను. మూడేళ్లలో నువ్వు కూడా దాని జవాబు అడగలేదు. భూమి ఇచ్చావు, విత్తనం తెచ్చావు, రెండు సార్లు బోరు బాగు చేయించావు. "ఏం తేలింది కమ్లీ?" అని మాత్రం అడగలేదు.

అడగకున్నా చెప్తాను. పోయిన నెల పాత తోటకు పోయి వచ్చాను. మొద్దులు చిగురించాయి, చిగురించకపోవడమేమీ లేదు. కాని మూడేళ్ల కట్టె నా బొటనవేలంత లావు కూడా లేదు. మన్ను చేతిలోకి తీసుకుంటే ఇసుకలా జారిపోయింది. బాయిలర్ ఆకు కూడా వదలకుండా తిన్నది కదా. నా అనుమానం నిజమే అనిపిస్తున్నది. అనుమానం మాత్రమే, రుజువు కాదు. దాన్ని రుజువు చేసేవి చౌరస్తాలో కాలిపోయాయి. ఇప్పుడు మన చల్కలో రెండేళ్ల చెట్లున్నాయి. ఈ చలికాలం మొదటి కోత. మూడోది వచ్చేసరికి నీ పెద్దోడు కాలేజీలో ఉంటాడు.

రాష్ట్రం వచ్చింది. సారు లాంటివాళ్లు అప్పుడే దండలు వేసుకుని కొత్త ప్రాజెక్టులు అంటున్నారు. రేపు ఏదో కంపెనీని తెచ్చి, కట్టె తరగని సరుకు, మీ చేన్లలో పెట్టుకోండి, ఆకుతో సహా మేమే కొంటామని తండాలకు చెప్తారు. చప్పట్లు కొట్టిస్తారు. ఆ రోజు ఒకరు లేచి, అంతా ఊడ్చుకుపోతే భూమి చస్తుందని చెప్పాలి. ఒర్రితే సరిపోదు అన్నా, ఒర్రేవాళ్లు మనకు చాలామంది ఉన్నారు. చేతిలో బిళ్లలుండాలి.

సారును నేను కలవను. కలవమని ఇంకెవరితోనూ చెప్పించుకోను.

ఆదివారం పిల్లలను తీసుకుని రా. కనకయ్యను కూడా తీసుకురా, ఆయన మొహం నేను చూడగలను. ఏ మడి ఏమిటో అన్నీ తిప్పి చూపిస్తాను, విసుగు లేకుండా వినాలి. వచ్చేటప్పుడు మాత్రం తినే రండి. ఇంట్లో గ్యాస్ అయిపోయి వారమైంది, యాడి రోజూ చెట్ల దిక్కే చూస్తున్నది. నా కట్టె ఒక్క పుల్ల కూడా పొయ్యిలో పెట్టనివ్వను.

చెల్లె
కమ్లి